ఇస్త్రీ చేసిన చిలక

"ఇందులో చిలక ఏదండి?"

అతని బల్ల మీద ఒక కాగితం పెట్టి ఆమె అడిగిన మొదటి మాట అది. ఆ పుస్తకాల ఆఫీసులో ఆమె చేరి కొన్నాళ్ళయింది. అప్పటిదాకా ఆమె గొంతు ఎలా ఉంటుందో అతనికి తెలియదు.

అతను కాగితం చూశాడు. పైన 'కొమ్మ మీద చిలక' అని పెద్దక్షరాల్లో ఉంది. కింద అన్నీ ఎక్స్‌లు. పేజీ ఈ అంచు నుంచి ఆ అంచుదాకా, చీమలు బారు కట్టినట్టు ఎక్స్‌లు.

"ఉంటుందండి. లోపలే ఉంటుంది," అన్నాడు.

"ఎక్కడ?"

"కాస్త నలిగినట్టుంది. ప్రాణానికేం భయం లేదు."

ఆమె నవ్వలేదు. కాగితం వైపు చూసింది. అతని వైపు చూసింది. మళ్ళీ కాగితం వైపు చూసింది.

"కొమ్మ కూడా లేదు," అంది కాసేపాగి.

"చిలకే లేనప్పుడు కొమ్మెందుకండి, దండగ."

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అతను ఉత్సాహంగా వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆమె అక్కడే నిలబడి ఉంది, అదే చూపుతో. ఆ కళ్ళు పెద్దవి. తొందర లేనివి. వాటి ముందు నిలబడితే ఏదో ఒకటి మాట్లాడాలనిపిస్తుంది. అసలే అతనికి అది చాలా తేలిక.

ఆ ఆఫీసులో అతని పని పుస్తకాలకు పేజీలు చేయడం. ఎడిటర్లు ఎక్స్ఎంఎల్ ఫైళ్ళు తయారు చేసి ఇస్తారు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బొమ్మ అని ప్రతి ముక్కకూ ముందూ వెనకా ఒక ట్యాగు తగిలించి పెడతారు. అతని ప్రోగ్రాము వాటిని చదివి పీడీఎఫ్ చేస్తుంది. ఆ పీడీఎఫ్ ప్రెస్సుకు వెళుతుంది. కింది అంతస్తులో సైకిళ్ళు బాగుచేసే షాపు ఉంది. పైన పుస్తకాలు, కింద పంక్చర్లు. రెండు చోట్లా గాలి తీసి గాలి పెట్టడమే పని అని ఓనరు అంటూ ఉంటాడు.

అతన్ని ఆఫీసులో అందరూ 'ఇస్త్రీ' అని పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. వెనకటికి ఒక టైపిస్టు ఉండేవాడు. ఆలోచన వచ్చినప్పుడల్లా బొటనవేలు స్పేసు మీద ఆనించి కూర్చునేవాడు. అతను బాగా ఆలోచించే మనిషి. పేరాల మధ్య మైదానాలు వచ్చేవి. అది చూసి విసుగెత్తి ఇస్త్రీ ఒక చిన్న ప్రోగ్రాము రాశాడు. ఫైలు రాగానే అది పైనుంచి కిందిదాకా నడుస్తుంది. ఎన్ని స్పేసులున్నా ఒకటి చేస్తుంది. ఎన్ని ఎంటర్లున్నా ఒక స్పేసు చేస్తుంది. పెళ్ళిబట్టలు మడతపెట్టినట్టు ఫైలు చదునుగా అయిపోతుంది. అదంటే అతనికి కన్నబిడ్డంత ప్రేమ.

మాటల్లోనూ అతనిది అదే వరస. ఎదుటివాళ్ళు ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే చాలు, ఆ సందులోకి దూరిపోతాడు. ఖాళీ కనిపిస్తే ఆగలేడు.

ఆమెకు ఆఫీసు పెట్టిన పేరు 'నిదానం'. దాని సంగతి చెప్పక్కర్లేదు.

"అసలు తప్పు మీదేనండి," అన్నాడు ఇస్త్రీ. "మీ ఫైలు తెరిచి చూశాను. ట్యాగు లోపల ట్యాగు, దాని లోపల ట్యాగు, ఒక్కోటీ కాస్త కాస్త లోపలికి జరిపి మెట్లు కట్టారు. గోపురం ఎక్కుతున్నట్టుంది. నా ప్రోగ్రాము ఏం చేస్తుంది పాపం, మెట్లు కనబడితే చదును చేసేస్తుంది. దానికి మెట్టేదో చిలకేదో ఏం తెలుసు? మీరు మెట్లు కట్టకపోతే..."

"కళ్ళకి," అంది ఆమె.

"ఏంటండి?"

"మెట్లు కళ్ళకి. చదువుకోడానికి బాగుంటుందని."

"మీ కళ్ళకి బాగుంటుంది. సరే. కానీ ఈ ఎక్స్‌లేంటండి? నేను ముందు ఏమనుకున్నానో తెలుసా? పుస్తకం రాసినావిడ కీబోర్డు మీద తల పెట్టి కునుకు తీసిందనుకున్నాను. మొత్తం తుడిచేద్దామని చెయ్యి కూడా పెట్టాను. ఎవరో పాపం పెద్దావిడలే అని వదిలేశాను."

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

"మా అమ్మమ్మ," అంది చివరికి.

ఇస్త్రీ నోటి దగ్గరికి వచ్చిన తర్వాతి మాట అక్కడే ఆగిపోయింది. అలా ఆగడం అతనికి అలవాటు లేదు. పొలమారింది. ఆమె పక్క బల్ల మీది మంచినీళ్ళ సీసా అందించింది. అతను తాగుతున్నంతసేపూ చూసి, ఖాళీ సీసా తీసుకుని, కాగితం అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి అతనికి ఆమె వైపు చూడకుండా ఉండటం చేతకాలేదు.

ఆ ఎక్స్‌ల సంగతి తర్వాత ఓనరు చెప్పాడు. పెద్దావిడ జీవితమంతా క్రాస్ స్టిచ్ కుట్టింది, నేర్పింది. గళ్ళ గుడ్డ మీద రంగు దారంతో చిన్న చిన్న ఎక్స్‌లు కుడితే అదే బొమ్మవుతుంది. ఎక్కడ ఎక్స్ వెయ్యాలో, ఎక్కడ గడి వదిలెయ్యాలో కాగితం మీద వేసి చూపిస్తే ఎవరైనా కుట్టొచ్చు. మనవరాలు ఓపిగ్గా కూర్చుని ఆ బొమ్మలన్నీ ఎక్స్‌లతో, స్పేసులతో టైపు చేసింది. చిలకలు, పడవలు, గులాబీలు, ఒక ఏనుగు.

"ఏనుగు కూడా ఉందా?" అన్నాడు ఇస్త్రీ నీరసంగా.

"ఉండేది," అన్నాడు ఓనరు. "నీ ఇస్త్రీ కింద పడకముందు. ఆ పుస్తకం పాడైతే ఆవిడ ఇంకో ప్రెస్సుకు పోతుంది. ఆవిడ వెంట మనవరాలు పోతుంది. ఎడిటరు పోతే నేను నిన్ను ప్రూఫులు దిద్దమంటాను. ఆలోచించుకో."

ఇస్త్రీ ఆలోచించాడు. ప్రూఫుల గురించి కాదు.

ప్రేమలో పడ్డవాడు కొలత చూసుకోడు. ఎక్స్ఎంఎల్‌లో ఒక సదుపాయం ఉంది. ఏదైనా ట్యాగుకు 'ఇందులో ఖాళీలు ఉన్నవి ఉన్నట్టు ఉంచు' అని రాయొచ్చు. అలా రాస్తే దాని లోపలున్న వాటన్నిటికీ అదే వర్తిస్తుంది. ఇస్త్రీ చిలక దగ్గర రాయలేదు. పుస్తకం నెత్తిన రాశాడు. తన ముద్దుల ప్రోగ్రామును పక్కన కూర్చోబెట్టాడు. ఒక్క స్పేసు కూడా పోకూడదని. బటన్ నొక్కాడు. చిలక పేజీ ఒక్కటీ తెరిచి చూశాడు. కొమ్మ ఉంది, చిలక ఉంది. ఇక మిగతాది చూడలేదు. మొత్తం ప్రింటు తీయించి, తానే పట్టుకుపోయి ఇస్తానని ఓనరుకు చెప్పాడు.

"బరువెక్కువైందే," అన్నాడు ఓనరు కట్ట ఎత్తి చూసి.

"ఏనుగుంది కదండి," అన్నాడు ఇస్త్రీ.

మబ్బు పట్టిన సాయంత్రం. నిదానం వాళ్ళది మేడ మీద ఇల్లు. ముందు గదినిండా గోడలకు కుట్టుపనులే, అద్దాల్లో బిగించి. కిటికీ పక్కన కుర్చీలో ముక్కు మీద కళ్ళజోడుతో అమ్మమ్మ. ఆమె పక్కన ముక్కాలిపీట మీద నిదానం కూర్చుని దారపు ఉండ చుడుతోంది. ఇంట్లో ఆమె జడ వదులుగా ఉంది. ఇస్త్రీ అది చూసి గుమ్మం తట్టుకున్నాడు.

"చూసుకు నడు నాయనా. ఇవన్నీ అద్దాలు," అంది అమ్మమ్మ.

అతను కట్ట ఆవిడ ఒళ్ళో పెట్టాడు. పొగడ్తకు సిద్ధంగా నిలబడ్డాడు. ఆవిడ మొదటి పేజీ తిప్పింది. రెండో పేజీ తిప్పింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"బాబూ, ఈ పుస్తకం ఒంట్లో బాగానే ఉందా?"

"ఏమైందండి?"

"ఈ పేరా చూడు. ఒక మాట ఇక్కడుంది. తర్వాతి మాట వీధి అవతల ఉంది. ఈ వరస ఇటు తూలింది, ఆ వరస అటు తూలింది. రాత్రంతా ఎక్కడికి వెళ్ళొచ్చింది ఇది?"

ఇస్త్రీ వంగి చూశాడు. ఆమె ఫైల్లో కట్టిన ప్రతి మెట్టూ, కొట్టిన ప్రతి ఎంటరూ పేజీలోకి వచ్చి కూర్చున్నాయి. అన్నీ ఉంచమన్నాడు కదా, అన్నీ ఉన్నాయి. వంద పేజీల పుస్తకం రెండింతలైంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మెట్లు," అన్నాడు.

"మెట్లు," అంది నిదానం, ఉండ చుడుతూనే. పెదవి చివర ఏదో కదిలింది. అది నవ్వో కాదో తేల్చుకునేలోగా పోయింది.

"చిలక మాత్రం బాగా వచ్చిందండి. చిలక చూడండి," అన్నాడు.

ఆవిడ చిలక చూసింది. పేజీ దూరంగా పెట్టి చూసింది, దగ్గరికి లాక్కుని చూసింది.

"చిలకే. కాదనను. కానీ ఇంత గాలివానలో ఎందుకు కూర్చుంది? మొత్తం ఎడమకి ఒరిగిపోయింది."

నిజమే. అక్షరాల్లో ఎక్స్ లావు, స్పేసు సన్నం. గుడ్డ మీద కుట్టిన గడీ వదిలిన గడీ ఒక్కటే వెడల్పు. ఇక్కడ వదిలిన గడులన్నీ చిక్కిపోయి బొమ్మ పక్కకు జారింది. ఇస్త్రీకి ఒక్క క్షణంలో అర్థమైంది. అర్థమైంది కాబట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఫాంటు గురించి చెప్పాడు. ట్యాగుల గురించి చెప్పాడు. పాత టైపిస్టు బొటనవేలి గురించి చెప్పాడు. అమ్మమ్మ విన్నంతసేపు విని మనవరాలి వైపు తిరిగింది.

"ఈ అబ్బాయి ఎప్పుడూ ఇంతేనా?"

నిదానం ఆలోచించింది. "ఇవాళ కాస్త తగ్గింది," అంది.

అప్పుడే ఆమె మామయ్య వచ్చాడు, చెమటలు తుడుచుకుంటూ. కొత్తమనిషి ఉన్నాడని కూడా చూడలేదు.

"అమ్మా, వాళ్ళకి మనమ్మాయి ఫోటో నచ్చిందట. కుర్రాడు బుద్ధిమంతుడు. పెద్ద కంపెనీలో లెక్కలు చూస్తాడు. అక్కా బావా కూడా నీ ఇష్టమే అన్నారు. ఆదివారం మాట ఇచ్చేద్దామా?"

"దాన్ని అడిగావా?"

"అడిగాను. పొద్దున్నే అడిగాను. కాదనలేదు."

"ఔనంది?"

"ఏమీ అనలేదు. కాదనలేదంటే ఔననే కదా అమ్మా. ఆడపిల్ల అంతకంటే ఏం చెబుతుంది?"

నిదానం ఉండ చుట్టడం ఆపింది. దారం కొస వేలికి చుట్టుకుంటూ కిటికీ బయటికి చూసింది. నోరు తెరవబోయింది. "నేను కాఫీ తాగుతా," అన్నాడు మామయ్య. లోపలికి వెళ్ళిపోయాడు.

ఇస్త్రీ కట్ట చంకలో పెట్టుకున్నాడు. అందులో ఏనుగు బరువు ఇప్పుడు తెలిసింది.

కిందికి దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. వెనకే ఆమె గొడుగు పట్టుకుని వచ్చింది. వీధి మలుపులో మూసేసిన షాపు ముందు రేకు కింద ఇద్దరూ ఆగారు. ఆమె గొడుగు మడిచి గోడకు ఆనించింది. వాన దాని మీద డప్పు కొడుతోంది. కాగితాలు తడవకుండా అతను కట్టను పొట్టకు హత్తుకున్నాడు. ఆమె ముంగురుల మీద నీటి బొట్లు వరసగా నిలబడ్డాయి, ఏది ముందు జారాలో తేల్చుకోలేనట్టు. ఆమె బొట్లు కూడా నిదానమే అనుకున్నాడు.

"ఆ సంబంధం మీకు ఇష్టమేనా?" అన్నాడు.

అడిగేశాక తానే అదిరిపోయాడు. అలా అడుగుతానని అతనికీ తెలియదు.

ఆమె అతని వైపు తిరిగింది. పెద్ద కళ్ళు, తొందర లేని కళ్ళు. వాన పడుతోంది. ఒక రిక్షా పోయింది. ఆమె ఏమీ అనలేదు.

ఆ ఖాళీ అతని గుండె మీద కూర్చుంది. అతను ఓర్చుకున్నాడు. తన జీవితంలో ఎన్నడూ ఓర్చుకోనంత ఓర్చుకున్నాడు. అంటే ఆవలించేంతసేపు.

"ఇష్టమే అయి ఉంటుందిలెండి. ఎందుకుండదు? పెద్ద కంపెనీ. లెక్కలు. లెక్కల మనిషైతే మంచిదే, ఇంట్లో ఏదీ ఎక్కువ తక్కువ కాదు. నాకెందుకు ఈ సంగతి, ఊరికే అడిగాను. శుభాకాంక్షలండి. చాలా సంతోషం. మంచి సంతోషం."

మంచి సంతోషం అంటే ఏమిటో అతనికే తెలియలేదు. వానలోకి దిగి నడిచిపోయాడు. ఆఫీసు మెట్లు ఎక్కి, కారుతున్న బట్టలతో బల్ల ముందు నిలబడ్డాక చూసుకుంటే, చేతిలో ఆమె గొడుగుంది. మడిచినది మడిచినట్టే ఉంది.

మర్నాటి నుంచి ఆమె ఆఫీసుకు రాలేదు. ఇంటి దగ్గరే ఉండి పని చేస్తానందట. ఓనరు చెప్పాడు. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. అతను అటు చూడకుండా ఉండటానికి బల్ల ఇంకో వైపుకు తిప్పుకున్నాడు. అక్కడి నుంచి చూస్తే గోడ కనిపిస్తుంది. గోడ కూడా ఖాళీగానే ఉంది.

ఇక పనిలో పడ్డాడు. పుస్తకం నెత్తిన రాసిన మాట తీసేశాడు. బొమ్మ ఉన్న ట్యాగులకు మాత్రమే అది రాశాడు. తన ప్రోగ్రాముకు కూడా బుద్ధి చెప్పాడు: ఆ మాట ఉన్న ట్యాగు ఎదురైతే చెప్పులు విడిచి పక్కనుంచి వెళ్ళాలి, లోపలికి పోకూడదు. మిగతా పుస్తకమంతా ఎప్పటిలా చదును చేసుకోవచ్చు. బొమ్మలకు ఎక్స్‌కీ స్పేసుకీ ఒకే వెడల్పుండే ఫాంటు పెట్టాడు. చిలక సగం నిటారుగా లేచింది. సగమే. ఎందుకంటే ఆమె తన అలవాటు ప్రకారం బొమ్మ వరసల ముందు కూడా మెట్లు కట్టింది. తల ఒక చోట, తోక ఒక చోట. ఆ మెట్లు ఇప్పుడు ఖాళీ గడుల్లో కలిసిపోయాయి. ఏది చిలక ఖాళీయో ఏది ఆమె ఖాళీయో అతనికి తెలియదు. అది తీయగలిగేది ఆమె ఒక్కతే.

ఫోను చేశాడు.

"హలో. నేనండి. ఇస్త్రీ. బొమ్మ ట్యాగు లోపల మాత్రం మెట్లు కట్టకూడదండి. మీరు వరస ముందు ట్యాబు కొడితే చిలక అంత పక్కకి జరుగుతుంది. మిగతా చోట్ల ఎన్నైనా కట్టుకోండి, మేడలు కట్టుకోండి, నేను చూసుకుంటాను. ఆ లోపల ఒక్కచోట."

అవతల నిశ్శబ్దం.

"కట్టకూడదంటే ఆజ్ఞ కాదండి. విన్నపం. మీ అలవాటు మార్చుకోమని కాదు. వింటున్నారా? సిగ్నల్ పోయినట్టుంది. సరే, ఉంటాను."

పెట్టేశాడు. మధ్యాహ్నానికి ఆమె ఫైలు వచ్చింది. ప్రతి బొమ్మలోనూ మెట్లు తీసేసి ఉన్నాయి. వరస వరసా ఆమె కూర్చుని సరిచేసింది. అంటే విన్నది. సిగ్నల్ పోలేదు.

అతను చాలాసేపు ఆ ఫైలు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఓనరు టీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏమైందిరా? నువ్వు మాట్లాడక పొద్దుటి నుంచి ఆఫీసులో ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. అందరూ భయపడుతున్నారు."

"ఆవిడకి పెళ్ళి కుదురుతోందండి."

"ఎవరన్నారు?"

"అడిగాను. మాట్లాడలేదు."

ఓనరు టీ ఒక గుక్క తాగాడు.

"ఆ అమ్మాయి ఉద్యోగానికి వచ్చిన రోజు సంగతి చెప్పనా? ఇంత జీతం, సరిపోతుందా అమ్మా అన్నాను. మాట్లాడలేదు. చాలదేమోనని పెంచాను. అప్పుడూ మాట్లాడలేదు. ఇంకో చోట ఎక్కువిస్తున్నారేమోనని మళ్ళీ పెంచాను. అప్పుడు నోరు తెరిచి, 'మొదటిదానికే సరే అనబోతున్నానండి' అంది. ఏం చేస్తాను, మాటిచ్చేశాను. కాసేపు నోరు మూసుకుని కూర్చుంటే నాకు మిగిలేది."

ఓనరు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఇస్త్రీ నవ్వలేదు. రేకు కింద వాన చప్పుడు గుర్తొచ్చింది. ఆ కళ్ళు అతని వైపు తిరిగి ఉన్నాయి. తిరిగి ఉన్నాయి, అవును. కాదనే మనిషి వేరే వైపు చూస్తుంది. ఔననే మనిషీ వేరే వైపే చూస్తుందేమో. అతనికి తెలియదు. తెలుసుకునేదాకా అతను ఆగలేదు. వాళ్ళ మామయ్య ఆ ఖాళీలో ఔనని నింపుకున్నాడు. తానూ అదే నింపుకుని గొడుగు పట్టుకుని పారిపోయాడు. ఆమె ఏమందో ఇద్దరికీ తెలియదు, ఎందుకంటే ఆమె ఇంకా ఏమీ అనలేదు.

ఆదివారం మాట ఇచ్చేస్తారు.

ఆదివారం ఉదయం అతను కొత్త ప్రూఫు ఒక చేత్తో, గొడుగు ఒక చేత్తో పట్టుకుని ఆ ఇంటి మెట్లు ఎక్కాడు. ఏం మాట్లాడాలో దారిపొడుగునా వల్లించుకున్నాడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఒక్క ముక్క గుర్తులేదు. లోపల మామయ్య ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"అమ్మాయిని అడిగామండి. మాకందరికీ ఇష్టమే. అమ్మాయి కూడా కాదనలేదు. అంటే ఇక..."

"ఆగండి," అన్నాడు ఇస్త్రీ.

మామయ్య తిరిగి చూశాడు. కుర్చీలో అమ్మమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ నిదానం కూడా చూసింది.

"ఎవరు బాబూ నువ్వు?" అన్నాడు మామయ్య ఫోను చెవి దగ్గరే ఉంచుకుని.

"పుస్తకం అబ్బాయిలే," అంది అమ్మమ్మ.

"ఆవిడ ఇంకా చెప్పలేదండి," అన్నాడు ఇస్త్రీ.

"ఏం చెప్పలేదు?"

"ఏమీ చెప్పలేదు. అదే నేననేది. మీరు అడిగారు, ఆవిడ మాట్లాడలేదు. మీరు ఔననుకున్నారు. నేనూ అడిగాను. నేనూ అలాగే అనుకున్నాను. ఇద్దరం మనకి తోచింది రాసేసుకున్నాం. ఆవిడకి జవాబు చెప్పడానికి కాస్త టైం పడుతుందండి. ఆ టైం మనం ఇవ్వలేదు. కాస్త ఆగి వినండి, అంతే. ఆవిడ ఔనంటే నేను ఈ ప్రూఫు ఇచ్చేసి వెళ్ళిపోతాను."

ఇంకా చాలా చెప్పాలనిపించింది. నాలుక కొసన తయారుగా ఉన్నాయి మాటలు. పళ్ళు బిగబట్టాడు.

మామయ్య తల్లి వైపు చూశాడు. తల్లి మనవరాలి వైపు చూసింది. "చెప్పవే. ఎంతసేపైనా ఫర్లేదు. ఇవాళ ఆదివారం," అంది.

అందరూ ఆగారు.

వంటింట్లో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. మామయ్య ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాడు. పక్కింట్లో ఎవరో రేడియో పెట్టి, నచ్చక తీసేశారు. నిదానం దారపు కొస వేలికి చుట్టింది, విప్పింది, చుట్టింది. ఇస్త్రీ నుదుటి మీద చెమట పట్టింది. గోడ మీద ఏనుగు, పడవ, గులాబీ, అన్నీ అతన్నే చూస్తున్నట్టున్నాయి. మాట్లాడితే చస్తావు అన్నట్టున్నాయి.

ఆమె ఊపిరి పీల్చుకుంది.

"నాకు ఈ సంబంధం వద్దు మామయ్యా ఆయన మంచివాడే అయి ఉంటాడు నాకు తెలియదు నువ్వు అడిగిన రోజే వద్దని చెప్పబోయాను నువ్వు కాఫీకి వెళ్ళిపోయావు వానలో ఈయన అడిగినప్పుడు కూడా వద్దనే చెప్పబోయాను ఈయన నాకు శుభాకాంక్షలు చెప్పి నా గొడుగు పట్టుకుపోయాడు నేను తడిసి ఇంటికొచ్చి రెండ్రోజులు తుమ్మాను అందుకే ఆఫీసుకి వెళ్ళలేదు ఫోన్ చేస్తే అప్పుడైనా చెబుదామనుకున్నాను సిగ్నల్ లేదని పెట్టేశాడు ఇంత తొందరేంటో ఈయనకి అయినా నాకు ఈయనే నచ్చాడు ఎందుకు నచ్చాడో ఇంకా ఆలోచిస్తున్నాను అది తేలడానికి ఏడాది పట్టొచ్చు అందాకా పెళ్ళి ఆపక్కర్లేదు."

ఎక్కడా ఆగలేదు. ఒక కామా లేదు, ఒక సందు లేదు. చెప్పి, అలిసిపోయి, గుమ్మానికి ఆనుకుంది.

మామయ్య చేతిలో ఫోను చిన్నగా గరగరలాడింది.

"అర్థమైందండి," అంది అందులోంచి ఒక మర్యాదైన గొంతు. "ఉంటాం మరి. పిల్లలకి మా ఆశీస్సులు." టక్కున పెట్టేశారు.

మామయ్య ఫోను వైపు చూశాడు. "అంతా విన్నారు," అన్నాడు.

"మంచిది. మళ్ళీ చెప్పే పని తప్పింది," అంది అమ్మమ్మ. తర్వాత ఇస్త్రీ వైపు తిరిగింది. "నువ్వేమంటావు నాయనా?"

"నాకూ ఆవిడే నచ్చిందండి," అన్నాడు.

"ఇంకేమైనా ఉందా?"

"చాలా ఉందండి."

"పెళ్ళిదాకా దాచుకో. ఆ కాగితాలు ఇలా ఇవ్వు."

ఆవిడ కట్ట ఒళ్ళో పెట్టుకుని చిలక పేజీ తీసింది. వేలు కొసతో ముక్కు దగ్గర మొదలుపెట్టి, మెడ మీదుగా, రెక్క మీదుగా, తోకదాకా వెళ్ళింది. ఎక్స్ ఉన్నచోట వేలు ఆగింది. లేనిచోటా అంతే ఆగింది. చివర కొమ్మ మీద వేలు నిలిపి, చాలాసేపు అలాగే ఉంది. గదిలో ఎవరూ తొందరపెట్టలేదు.

"నిటారుగా కూర్చుంది," అంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. అద్దాల మీద మరకలేమీ లేవు.

మామయ్యకు ఇప్పటికి తేరుకోవడం వీలైంది. "అక్కకి ఎవరు చెబుతారు? నేను చెప్పను. నిన్ననే కుదిరిపోయిందని చెప్పాను. నన్ను చంపుతుంది."

"దాని పెళ్ళి, అదే చెబుతుంది," అంది అమ్మమ్మ.

మామయ్య నంబరు కలిపి ఫోను మేనకోడలి చేతిలో పెట్టాడు. ఆమె బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది. ఇస్త్రీ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆమె చున్నీ అంచు అతని మోచేతికి తగిలింది. ఇద్దరూ దాన్ని గమనించనట్టు నిలబడ్డారు.

"హలో," అంది ఆమె తల్లి గొంతు. "ఏమ్మా? ఏమైంది? మాట ఇచ్చేశారా? హలో? మాట్లాడవే?"

నిదానం మాటలు కూడగట్టుకుంటోంది. ఇందాకటి మాటలకే సరుకంతా అయిపోయినట్టుంది.

"ఇక్కడే ఉందండి," అన్నాడు ఇస్త్రీ ఫోను మీదికి వంగి. "కాస్త ఆగండి, చెబుతుంది."

"మీరెవరండి?"

అతను నోరు తెరిచాడు. ఎలా చెప్పాలో తెలియక మూసుకున్నాడు. ఆమె వైపు చూశాడు.

"నీ అల్లుడమ్మా," అంది ఆమె, ఈసారి వెంటనే.